కాలు కింద పెట్టకుండా మా ఊరు దాటడం

పోయిన నెల ఒక పెళ్లికని కావలి వెళ్తూ, కొడవలూరు దగ్గర హైవే పక్కన టీ తాగడానికి కారు ఆపించాను. అప్పటికే అక్కడ పదీ పన్నెండు సైకిళ్లు గోడకు ఆనించి ఉన్నాయి. వాటిని తొక్కుకొచ్చినవాళ్లు చెన్నై నుంచి విజయవాడ పోతున్నారట. ఒంటికి అతుక్కుపోయిన రంగురంగుల బట్టలు, నెత్తిన పుచ్చకాయ చెక్కల్లాంటి హెల్మెట్లు. అలవాటు కొద్దీ నేను మనుషులకంటే ముందు బండ్లను చూశాను. వెనక గేర్లు చాలా ఉన్నాయి; మడ్‌గార్డు లేదు, స్టాండు లేదు, క్యారియర్ లేదు. క్యారియర్ లేని సైకిలు మీద మనిషి ఇంకో మనిషిని ఎట్లా తీసుకుపోతాడో నాకు అంతుపట్టలేదు. వాళ్లలో ఒక కుర్రాడు ఈ ఊరి పేరేమిటని అడిగాడు. చెప్పాను. "ఇక్కడ చూడ్డానికి ఏమన్నా ఉందా సార్?" అన్నాడు. "మా ఊరే బాబూ" అన్నాను. అతను మర్యాదగా తలూపి, చేతి గడియారం చూసుకుని సైకిలెక్కాడు. నా టీ చల్లారేలోపు అందరూ ఊరు దాటిపోయారు. నాకు కోపం రాలేదు, అసూయ కలిగింది. సరిగ్గా ఆ పనినే, అంటే సైకిలు మీద ఆగకుండా కొడవలూరు దాటిపోవడాన్ని, ఒకప్పుడు నేను ఎంతో పకడ్బందీగా పథకం వేసుకుని కూడా చెయ్యలేకపోయాను.

అప్పుడు నేను బెజవాడలో మెకానికల్ డిప్లొమా ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. మద్రాసులో పెద్ద యంత్రాల ప్రదర్శన ఒకటి పెట్టారు. క్లాసంతా రైల్లో పోవడానికి సిద్ధమైంది. మేము ఆరుగురం మాత్రం సైకిళ్ల మీద పోతామన్నాం. ఎందుకని ఇప్పుడు అడిగితే సమాధానం దొరకదు. ఇరవై ఏళ్ల వయసులో రైలున్న దారిన సైకిలు మీద పోవడమే ఘనకార్యం. క్రిస్మస్ మర్నాడే బయలుదేరాలి కాబట్టి ఆ ఏడు పండగకు నేను ఇంటికి పోలేదు. బుద్ధెరిగాక మా అమ్మ పక్కన కూర్చోకుండా క్రిస్మస్ గడపడం అదే మొదలు. ఆ సంగతి ఆమెకు రాసి, కింద ఓదార్పుగా, "ఆదివారం పొద్దున మన ఊరి మీదుగానే పోతాము. కానీ ఆగము. చర్చి గేటు దగ్గర నిలబడితే చెయ్యి ఊపుతాను" అని చేర్చాను. ఇంతకంటే ఉదారంగా ఏ కొడుకూ ఉండలేడని అప్పట్లో నా నమ్మకం.

నాయకుడిని నేనే. నాకా పదవి ఎవరూ ఇవ్వలేదు. సామాన్ల జాబితా రాసింది నేను గనక దానంతట అదే వచ్చింది. పంక్చర్ సొల్యూషను, రబ్బరు ముక్కలు, ఇసుక కాగితం, వాల్వు ట్యూబు, స్పానర్లు, చైను లింకులు, ఒంటికి కొబ్బరినూనె, బండ్లకు కుట్టుమిషను నూనె, ఆ రెండూ కలగాపులగం కాకుండా సీసాలకు వేర్వేరు రంగుల మూతలు. మెడలో తాడుకు కట్టిన ఈల. ఈల ఎవరి మెడలో ఉంటే వాళ్ల మాటకు అందరూ ఆగాలి, వాళ్ల మాటకే కదలాలి. నేను రాసిన నియమాలన్నింటిలోకీ ముఖ్యమైనది, దారిలో ఎవరి బంధువుల ఇంటా ఆగకూడదన్నది. దీని వెనక నా తర్కం నాకుంది. మా వైపు ఇళ్లలో మంచినీళ్లు అడిగితే మజ్జిగ ఇస్తారు. మజ్జిగ తాగిన మనిషిని అన్నం పెట్టకుండా పంపరు. అన్నం తిన్నవాడిని ఎండలో పంపరు. ఎండ తగ్గేసరికి కాఫీ కాస్తారు. కాఫీ తాగేసరికి దీపాలు పెట్టే వేళవుతుంది, దీపాలు పెట్టాక ఎవరినీ గడప దాటనివ్వరు. ఆరుగురికీ ట్రంకు రోడ్డు పొడవునా చుట్టాలే. ఈ లెక్కన మేము మద్రాసు చేరేసరికి ప్రదర్శనలో యంత్రాలు తుప్పుపడతాయని వివరించాను. అందరూ ఒప్పుకున్నారు.

ఆ నియమం మొదటి దెబ్బ కావలిలో పెంచలయ్యకు తగిలింది. పెంచలయ్య మా ఆరుగురిలో బలమైనవాడు, తక్కువ మాట్లాడేవాడు. వాళ్ల అక్కను కావలిలో ఇచ్చారు. ఆమెకు అంతకు ముందు నెలే కొడుకు పుట్టాడు. మేము వస్తున్నామని తెలిసి ఆమె చంటివాడిని గుడ్డలో చుట్టుకుని రోడ్డు మీదికొచ్చి నిలబడింది. పెంచలయ్య నా వైపు చూశాడు. నేను ఈల నోట్లో పెట్టుకుని ముందుకు చూశాను.

"ఒక్క నిమిషం దిగరా పెంచలా! మేనల్లుడిని చూసిపో!" అని ఆమె పక్కనే పరుగెత్తుతూ అరిచింది.

"దిగేదానికి లేదక్కా, రూలు!"

"ఎవురు పెట్టినారు రా ఆ రూలు?"

పెంచలయ్య గడ్డంతో నన్ను చూపించాడు. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "మొగం చూస్తే సదువుకున్నోడి మాదిరే ఉండాడే" అని ఆగిపోయింది. పెంచలయ్యకు ఆ పూట కనిపించింది మేనల్లుడి ఉన్ని టోపీ ఒక్కటే.

సాయంత్రం బిట్రగుంట దగ్గర ఒక బడి వరండాలో దిగాం. నేను చైన్లకు నూనె వేస్తుంటే అతను వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"ఏం ఆశీర్వాదం, రేపు మీ ఊరు గదా?"

"అవును."

"మీ ఊరి మొదటి ఇంటి కాడి నుంచి పెన్నా వంతెన దాకా నీ కాలు కింద పడగూడదు. పడిందా, ఆ ఈల నాది. ఈల నాదైతే రూలు గూడా నాదే."

"పడదు" అన్నాను.

"మీ అమ్మ నిలబడుంటది."

"చర్చిలో కూర్చునుంటుంది" అన్నాను. ఆ మాట ఊరికే అనలేదు. కొడవలూరులోకి ఏ వేళకు అడుగు పెట్టాలో నేను బెజవాడలోనే నిర్ణయించి పెట్టుకున్నాను. అది సరిగ్గా పాస్టరు గారి ప్రసంగం సగంలో ఉండే వేళ. ప్రసంగం జరుగుతుండగా లేచి బయటికి పోయే ధైర్యం మా సంఘంలో చంటిపిల్లలకు తప్ప ఎవరికీ లేదు. చెయ్యి ఊపుతానని రాసినవాడినే చెయ్యి ఊపే అవసరం రాకుండా చూసుకున్నాను. దీన్ని అప్పట్లో నేను ప్లానింగు అనుకునేవాణ్ణి.

మా ఇంటి ఆదివారం గురించి చెప్పకపోతే ఆ పథకం ఎంత గట్టిదో తెలియదు. మా నాయన మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరు. ఆయన దగ్గర ఎప్పుడూ కార్బాలిక్ సబ్బు వాసన, దాని వెనకే పలచగా లవంగనూనె వాసన వచ్చేవి. ఆయనకు కొలవకుండా ఏదీ నోట్లో పెట్టుకోవడం తెలియదు. కాఫీ డికాక్షను ఔన్సు గ్లాసుతో కొలిచి పోసేవాడు. నెయ్యి కూడా దాంతోనే కొలవబోతే మా అమ్మ ఒకసారి ఆ గ్లాసు దాచిపెట్టింది. ఆదివారం తెల్లవారుజామునే ఆయన ఇంటిల్లిపాది చెప్పులూ వరసగా పెట్టి, పెద్దవాళ్లవి ముందు, పిల్లలవి తరువాత, నల్ల పాలిషు పూసేవాడు. లోపల మా అమ్మ మాంసం కూరలో గసగసాల ముద్ద వేసి, పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగి, సన్నటి నిప్పుల మీద కుండ వదిలేసేది. మేము చర్చి నుంచి వచ్చేసరికి అది దానంతట అదే ఉడికి ఉండేది. కాబట్టి ఆదివారం ప్రసంగం వేళ కొడవలూరులో మా వీధిన నడిస్తే మనిషి కనపడడు. మూసిన తలుపుల వెనక నుంచి కూరల వాసన మాత్రం వస్తుంటుంది. ఇప్పుడు నేనుంటున్న చోట ఆదివారం ఏ ఇంట్లో ఏం వండారో లిఫ్టులో వచ్చే కుర్రాడి సంచీ చూస్తే గానీ తెలియదు. వాసన చూసి, "ఇది దీనమ్మ పెద్దమ్మ వాళ్ల కోడి, ఇది మా ఇంటి మాంసం" అని చెప్పగల ముక్కు నాకు ఇంకా ఉంది గానీ, దానికి పని లేకుండా పోయింది.

అనుకున్న వేళకే ఊళ్లోకి వచ్చాం. ముసురు పట్టి ఉంది. రోడ్డు రెండు వైపులా నాట్లు వేసిన మళ్లు నీళ్లతో నిండి ఉన్నాయి. వీధిలో పిట్ట లేదు. వెనక కోటేశ్వర్రావు ఒకటే ముక్కు ఎగబీలుస్తున్నాడు. అతను బెజవాడవాడు, నిద్రలో కూడా ఆకలేసే మనిషి. "ఈ వాసనేదో మీ ఇంటిదేనా?" అని అడిగాడు. "ముందుకు చూసి తొక్కు" అన్నాను. పెంచలయ్య నా పక్కనే, నా పాదాల మీద చూపు పెట్టి తొక్కుతున్నాడు.

మస్తాన్ సాయిబు సైకిల్ షాపు వచ్చింది. మా ఊళ్లో సైకిలు నేర్చుకున్న ప్రతివాడూ ఆయన అద్దె సైకిలు బారు కింద నుంచి కాలు దూర్చి నేర్చుకున్నవాడే. నా మోకాలి మీద మచ్చ ఆయన షాపు గుర్తే. ఆయన షాపు ముందు ఎప్పుడూ వరసగా ఉండే అద్దె సైకిళ్లు ఆ పొద్దు ఒక్కటీ లేవు. ఆయన మాత్రం తన సొంత సైకిలు మీద కూర్చుని, పంపు భుజాన వేసుకుని, నన్ను చూసి నవ్వాడు.

"సైకిళ్లన్నీ యాడికి పోయినయ్ మామా?" అని తొక్కుతూనే అడిగాను.

"పో, నీకే తెలస్తది" అంటూ ఆయన కూడా మా వెనక కదిలాడు.

చర్చి మలుపు తిరిగాను. సంఘమంతా రోడ్డు మీద ఉంది. తెల్లటి ఆదివారం బట్టల్లో, మగవాళ్లు సీట్ల మీద, ఆడవాళ్లు క్యారియర్ల మీద, పిల్లలు బార్ల మీద, అందరూ మాకేసి కాకుండా నెల్లూరు వైపు ముఖాలు పెట్టి, ఒక కాలు నేల మీద ఆనించి సిద్ధంగా ఉన్నారు. నేను కనపడగానే మా అమ్మ చెయ్యెత్తింది. అన్ని సైకిళ్లూ ఒక్కసారి కదిలాయి. తరువాత తెలిసిందేమంటే, నా ఉత్తరం చదివించుకుని ఆమె పాస్టరు గారి దగ్గరికి పోయిందట. "అయ్యా, వాడు ఆగడంట. మంచిది. మనం కదులుదాం" అన్నదట. పాస్టరు గారు ఆ ఆదివారం ప్రసంగాన్ని సగానికి కుదించారు. అంతకు ముందు గానీ ఆ తరువాత గానీ ఆయన అలాంటి పని చేసినట్టు ఎవరికీ జ్ఞాపకం లేదు.

మా అమ్మ మా నాయన సైకిలు క్యారియర్ మీద, ఒళ్లో క్యారేజీ గిన్నెలు పెట్టుకుని, ఒక పక్కకు తిరిగి కూర్చుని ఉంది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన ఆమెను సైకిలు మీద ఎక్కించుకోవడం నేను చూడలేదు. ఆయన చెవులు ఎర్రగా ఉన్నాయి. నా పక్కకు వచ్చి, నన్ను చూడకుండా, "టైర్లలో గాలి ఎక్కువైనట్టుంది" అన్నాడు. పండగకు రాని కొడుకుతో ఆయన మొదట అన్న మాట అదే.

"అమ్మా, ఇదంతా ఏందమ్మా? మేం ఆగేదానికి లేదు" అన్నాను.

"ఆగమని ఎవురన్నారు అబ్బయ్యా నిన్ను? నువ్వు తొక్కు. మేమే వస్తా ఉండాం గదా. నోరు తెరువు."

తెరిచాను. అరిసె పడింది. ఈల ఇంకో పక్క వేలాడుతోంది. ఆ తరువాత కాసేపు మా జట్టులో ఎవరి నోరూ ఖాళీగా లేదు. మా మరియమ్మ పిన్నమ్మ చిన్నాయన క్యారియర్ మీద నుంచి ఒక్కొక్కరి పక్కకూ సైకిలును పోనిచ్చి కజ్జికాయలు అందిస్తూ, అందరి వివరాలూ రాబట్టింది. కోటేశ్వర్రావును మాత్రం వదల్లేదు.

"మీదే ఊరు బాబా?"

"బెజవాడండి."

"ఎంతమంది అన్నదమ్ములు?"

"ఐదుగురమండి."

"నువ్వెన్నోవోడివి? ఇంకోటి తిను. పెళ్లయిందా?"

"పిన్నమ్మా, వాడిని తొక్కనీ" అన్నాను.

"తొక్కతానే ఉండాడు గదరా, నోటికేం పని?" అంది.

ఇంతవరకు నా కాలు పెడలు మీదే ఉంది. పెంచలయ్య నోటినిండా మురుకులు నములుతూ కూడా నా పాదాలు మరవలేదు. నియమం ఒక్క అక్షరం తప్పలేదు, అమ్మనూ చూశాను, పండగ పిండివంటలూ తిన్నాను. ఏ కోణంలో చూసినా నేను గెలిచినట్టే ఉంది. ఊరు దాటి పంటకాలవ పక్క వంపు దగ్గరికి వస్తున్నాం. అప్పుడు మా అమ్మ ఇంకో మాట అంది.

"ప్రార్థన మాత్రం చేసి పంపిస్తాం అబ్బయ్యా. క్రిస్మస్ నాడు నీకోసరం ఎవురూ చెయ్యి పెట్టి ప్రార్థన చెయ్యలా. యోహాను తాతయ్యా, మొదలుపెట్టండి."

యోహాను తాతయ్య మా సంఘపెద్ద. దూరం పోయేవాళ్ల కోసం ప్రార్థించడంలో ఆయనను మించినవాడు లేడు. దారిలో రాగల ఒక్కో ప్రమాదాన్నీ పేరు పెట్టి పిలిచి పక్కకు తప్పించేదాకా వదిలేవాడు కాదు. నాకు జాబితాల పిచ్చి పట్టింది నాయన వల్లనా ఈయన వల్లనా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆయన హ్యాండిలు గట్టిగా పట్టుకుని, గొంతు సవరించుకుని, కళ్లు మూశాడు.

"తాతయ్యా, కళ్లు తెరిచే చెయ్యండి!" అని అరిచాను.

"కళ్లు తెరుచుకుని ప్రార్థన చేసేదేందిరా, అదేమన్నా బేరమా?" అన్నాడు ఆయన, కళ్లు తెరవకుండానే. "కృపగల తండ్రీ, ఈ బిడ్డలను లారీల నుంచి తప్పించుము. ఎదురొచ్చే బస్సుల నుంచి తప్పించుము. దీపం లేని ఎడ్లబండ్ల నుంచి తప్పించుము..."

ఆయన మొదలుపెట్టగానే సంఘమంతా, అలవాటు ప్రకారం, తలలు వంచి కళ్లు మూసుకుంది. ఇక్కడ నేను పదార్థ బలశాస్త్రం చదివినవాడిని, కదిలే వస్తువుల గురించి పరీక్షలు రాసినవాడిని అన్న సంగతి దృష్టిలో పెట్టుకోవాలి. నేనూ మూసుకున్నాను. ఊహ తెలిసినప్పటి నుంచి ఆ గొంతు వినపడగానే మూతపడిన కళ్లు అవి. నా డిప్లొమాను అడిగి మూసుకోలేదు. కళ్లు తెరిచి ఉన్నవాళ్లు మా జట్టులో మిగిలిన ఐదుగురూ, మస్తాన్ సాయిబూ, ఇంకా ఒంటికన్ను తెరిచి పెట్టిన మా నాయన. క్యారియర్ మీద మా అమ్మ ఉండబట్టి ఆయన ప్రార్థనను సగం మోతాదులో తీసుకున్నాడు.

"కాలవ! అయ్యా, కళ్లు తెరవండయ్యా! ముందర కాలవ!" అని మస్తాన్ మామ వెనక నుంచి కేక పెట్టాడు. ఎవరో ఆవేశంతో మొరపెడుతున్నారనుకుని సంఘం, "అవును తండ్రీ" అంది. ఆయన ఇంకా గట్టిగా అరిచాడు. సంఘం కూడా ఇంకా గట్టిగా, "అవును తండ్రీ" అంది. యోహాను తాతయ్య జాబితాలో అప్పటికి కుక్కల దాకా వచ్చాడు. పంటకాలవ వంతు ఇంకా రాలేదు.

కాలవ చిన్నదే; ముందు బండ్లు దాన్ని దాటి అవతలి మడిలో పడ్డాయి, వెనక బండ్లు కాలవలోనే పడ్డాయి. బురద మెత్తన కాబట్టి ఎవరికీ దెబ్బ తగల్లేదు. నేను ఎడమ పక్కకు పడి, నడుము దాకా బురదలో కూరుకుని, కళ్లు తెరిచి, మొదట చేసిన పని ఏమిటంటే రెండు కాళ్లూ పైకెత్తడం. ఎత్తి, పాదాలు మళ్లీ పెడళ్లకు ఆనించాను. సైకిలు కూడా నాతోపాటే పడుకుని ఉంది గనక అది కష్టం కాలేదు. చుట్టూ చూస్తే మా సంఘంలో సగం మంది మడిలో కూర్చుని, ఆదివారం బట్టలు నానుతుండగా, తలలు వంచుకుని ఇంకా కళ్లు మూసుకునే ఉన్నారు. ఆమెన్ అనేదాకా తెరవకూడదు గదా. యోహాను తాతయ్య మోకాలి లోతు బురదలో నిలబడి, పాముల నుంచి మమ్మల్ని తప్పిస్తున్నాడు.

గట్టు మీద పెంచలయ్య చేతులు నడుముకు పెట్టుకుని నిలబడ్డాడు. "పడింది" అన్నాడు.

"నేను పడ్డాను. కాలు పడలేదు" అన్నాను. "కాలు పెడలు మీద ఉంది, చూడు. మనం మాట్లాడుకున్నది కాలు గురించి."

అతను వంగి జాగ్రత్తగా చూశాడు. న్యాయంగా ఆలోచించే మనిషి. "అవును, కాలు పడలా" అని ఒప్పుకున్నాడు. "మరి ఎట్ట లేస్తావు?"

అదే నేనూ ఆలోచిస్తున్నాను. కాలు కింద ఆనించకుండా బురదలో పడుకున్న మనిషి సైకిలుతో సహా నిటారుగా నిలబడే మార్గం నేను చదివిన ఏ పాఠంలోనూ లేదు. కోటేశ్వర్రావు నన్ను బండితో కలిపి ఎత్తి రోడ్డు మీద పెట్టొచ్చునేమో అన్నాడు. మిగిలిన ముగ్గురూ ఎటు పట్టుకుంటే బాగుంటుందో వాదించుకున్నారు. ఈలోగా మా అమ్మ క్యారియర్ దిగి, చెప్పులు గట్టు మీద విడిచి, చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని మడిలోకి దిగింది. మా నాయన, "నిదానం, నిదానం, అడుగు చూసుకో" అంటూ ఉన్నాడు. ఆమె నా దగ్గరికొచ్చి బురద చేతిని నా నెత్తిన పెట్టింది. యోహాను తాతయ్యలాగా ఆమెకు జాబితా లేదు. "బిడ్డను చూసినాను తండ్రీ, చాలు" అంది. నాకు వినపడాలని అన్న మాట కాదది.

"కాలు దించి లెయ్యి అబ్బయ్యా" అంది తరువాత.

"దించగూడదమ్మా. దించితే ఈల వాడిది."

"ఈలేందిరా?"

చెప్పాను. కావలి సంగతి కూడా చెప్పాల్సొచ్చింది, ఎందుకంటే అది లేకుండా మిగిలింది అర్థం కాదు. ఆమె అంతా విని, గట్టు మీది పెంచలయ్యను చూసి, "మీ అక్క బిడ్డను ఎత్తుకుని పరిగెత్తిందా నాయనా? బాలింత గదా" అంది. పెంచలయ్య తల వంచుకున్నాడు. మా అమ్మ నావైపు తిరగలేదు. తిరిగి నాలుగు చీవాట్లు పెట్టి ఉంటే నేను ఇంకాసేపు అట్లాగే పడుకుని ఉండేవాణ్ణేమో. ఆమె గట్టు వైపు నడవబోయి, ఒక కాలు బురదలోంచి ఊడిరాక, అటూ ఇటూ ఊగింది. పట్టుకోవడానికి ఎవరూ దగ్గర లేరు. నేను రెండు కాళ్లూ దించి లేచి ఆమెను పట్టుకున్నాను.

అదే సమయానికి యోహాను తాతయ్య ఆమెన్ అన్నాడు. అందరూ కళ్లు తెరిచారు. పిన్నమ్మ చుట్టూ చూసి, "ఇదేంది, మనం ఈడికెట్ట వచ్చినాం?" అంది. వాళ్లనూ బండ్లనూ గట్టు మీదికి లాగేసరికి మా ఆరుగురికీ నెత్తి దాకా బురదే.

నేను మెడలోంచి ఈల తీసి, కాలవ నీళ్లలో కడిగి, పెంచలయ్యకు ఇచ్చాను. అతను దాన్ని మెడలో వేసుకుని, చిన్నగా ఒకసారి ఊది చూసుకున్నాడు. "వచ్చేటప్పుడు కావలిలో రెండు రోజులు ఆగతాం. ఇది మొదటి రూలు" అన్నాడు. "ఇప్పుడు అందరూ వెనక్కి. బట్టలు ఉతుక్కుని, ఆరంగానే బయల్దేరతాం. రెండో రూలు." కోటేశ్వర్రావు రెండో రూలు పూర్తిగా వినకుండానే మా ఇంటి వైపు తొక్కడం మొదలుపెట్టాడు.

ఇంట్లో మేము ఆరుగురం బావి దగ్గర వరసగా స్నానాలు చేశాం. బరువని రెండో జత బట్టలు నేనే వద్దన్నాను గనక కట్టుకోవడానికి మా నాయన పంచెలే గతి, అవీ మూడే దొరికాయి. మిగిలిన ముగ్గురిలో ఇద్దరికి దుప్పట్లు, కోటేశ్వర్రావుకు పిన్నమ్మ పాత నేత చీర. అతను ఆ చీర చుట్టుకునే మూడుసార్లు కూర వడ్డించుకున్నాడు. పిన్నమ్మ ఎందుకో అతని పెళ్లి మాట మళ్లీ ఎత్తలేదు. మా నాయన ఔన్సు గ్లాసు తెచ్చి, జలుబు చెయ్యకుండా ఏదో ఎర్రటి మందు అందరికీ సమానంగా కొలిచి పోశాడు. పెంచలయ్యకు ఒక అర గీత ఎక్కువ పోసి, "నాయకుడు" అన్నాడు.

మా ఖాకీ చొక్కాలూ నిక్కర్లూ పెరట్లో దండేనికి వేలాడుతున్నాయి. మందమైన గుడ్డ, ముసురు ఇంకా ఉంది, కానీ అన్నాలయ్యాక గాలి తిరిగింది. గుడ్డ మందం, గాలి, మబ్బు అన్నీ లెక్కవేసి, దీపాలు పెట్టకముందే ఆరిపోతాయని నేను చెప్పాను. ఈ రోజుల్లో ఆ లెక్కకు అవసరం లేదు. బట్టలు యంత్రంలోంచే సగం ఆరి బయటికొస్తాయి, ఫ్యాను కింద పడేస్తే మిగతా సగం అయిపోతుంది. మా మనవడు వచ్చిన రోజునే, తడిసిన బట్టలు అదే రోజు ఆరబెట్టుకుని, కారెక్కి పోతాడు. వాణ్ణి ఇంకో పూట ఆపడానికి వాళ్ల అమ్మ చేతిలో ఏ సాకూ మిగల్లేదు.

కాసేపటికి మంచినీళ్లకని వంటింట్లోకి పోయి, కిటికీలోంచి పెరట్లోకి చూశాను. మా అమ్మ దండెం దగ్గర నిలబడి, ఒక్కొక్క చొక్కానే చేత్తో నలిపి చూస్తోంది. చివరి దానిదాకా చూసి, వెనక్కి తిరిగి ఎవరూ లేరని చూసుకుని, చొక్కాలన్నీ తీసి పక్కనున్న బొక్కెనలో ముంచింది. ముంచి, పిండి, మళ్లీ దండేనికి వేసింది. ఇంత పెద్ద పని ఇంత చప్పుడు లేకుండా చేయడం నేను ఏ వర్కుషాపులోనూ చూడలేదు. పక్కకు తిరిగితే పెంచలయ్య కూడా నాతోపాటే కిటికీలోంచి చూస్తూ నిలబడి ఉన్నాడు, మా నాయన పంచె చీలమండల పైకి లేచి, మెడలో ఈలతో.

అతను నేరుగా పెరట్లోకి పోయాడు. నేను వెనకే పోయాను. మా అమ్మ ఆఖరి నిక్కరు చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. నీళ్లు ఆమె మోచేతుల మీదుగా కారుతున్నాయి.

"ఆరినయ్యా అమ్మా?" అని పెంచలయ్య అడిగాడు.

"యాడ నాయనా, ఈ ముసురులో" అంది మా అమ్మ.

అతను ఒక చొక్కా చెయ్యి పట్టుకుని, బొటబొటా కారుతున్న నీళ్లు పాదాల మీద పడుతుండగా, చాలాసేపు పరీక్షించాడు. "అవునమ్మా, పచ్చిగానే ఉండయ్యి. రేపటికి గానీ ఆరవు" అని నావైపు తిరిగాడు. "నువ్వేమంటావు ఇంజినీరూ?"

నేను దగ్గరికి పోయి, కాలరు పట్టుకుని, కుట్లు ఎంత నీళ్లు పట్టాయో వేళ్లతో నొక్కి చూసి, గాలి ఎటునుంచి వస్తోందో కూడా చూసి, రేపటికి కూడా కష్టమేనన్నాను.